నల్లగొండలో ఆ పెంట్‌హౌస్ జోలికి పోకండి

దేవరకొండ రోడ్డు వైపు పాత బిల్డింగ్ మీద పెంట్‌హౌస్, నీలం గోడ, పూలకుండీలు, "అర్జెంట్ సేల్". నల్లగొండ ప్రాపర్టీ గ్రూపుల్లో ఉన్నవాళ్లంతా ఆ ఫోటోలు చూసే ఉంటారు. దానికి 2 లక్షలు బయానా కట్టింది నేనే. ఆ డబ్బు రాదని ఈరోజు మధ్యాహ్నం ముఖం మీదే చెప్పారు.

ముందు జరిగింది రెండు ముక్కల్లో చెప్తా. 26 లక్షలకు మాట కుదిరింది. లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన రిజిస్ట్రేషన్ కాగితాలు), ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్) అన్నీ చూపించారు, అన్నీ క్లీన్. అవన్నీ కింది ఇంటివి, అది వేరే సంగతి. చూడడానికి ఎప్పుడు వస్తానన్నా బ్రోకర్ సాయంత్రం ఆరు దాటాకే రమ్మనేవాడు. "చల్లగ గాలి కొడ్తదన్నా, కూసొని చూద్దురు." గాలి బాగానే కొట్టింది. మే నెలలో మిద్దె మీద నల్లగొండ ఎండ ఎట్లుంటుందో ఇక్కడే పుట్టి పెరిగినోడికి తెలియదు మరి!

హాలు వరకే స్లాబ్. బెడ్‌రూమ్, వంటగది మీద ఇనుప పైపులు, రేకులు. వాటి కింద పీఓపీ ఫాల్స్ సీలింగ్ కొట్టి రంగురంగుల లైట్లు పెట్టారు. ఈరోజు బ్యాంకు తరఫున వచ్చిన ఇంజినీర్ ఒక లైటు ఊడదీసి లోపలికి టార్చ్ వేస్తే గాని ఆ రేకుల సంగతి బయటపడలేదు. నీళ్ల ట్యాంకు కింది గోడకు మాత్రమే కొత్త పుట్టీ ఎందుకు పెట్టారో కూడా అప్పుడే తెలిసింది. ఆయన వేలితో నొక్కితే పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది.

తర్వాత ఆయన మున్సిపాలిటీ ప్లాన్ అడిగారు. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో గ్రౌండ్ ఉంది, ఫస్ట్ ఫ్లోర్ ఉంది, పైన మెట్ల గది ఉంది. మీరు అమ్మేది ఎక్కడుంది?" అన్నారు. ఓనర్ చాయ్ కప్పు కూడా దించలేదు. "ఊరంత గిట్లనే కట్టుకుంటలేరా సారూ? బీఆర్ఎస్ గూడ కట్టినం" అని ఒక రశీదు తీశాడు. పార్టీ అనుకునేరు, 2015లో వచ్చిన భవనాల క్రమబద్ధీకరణ పథకం అది. ఆ వ్యవహారం హైకోర్టుకెక్కి చిక్కుల్లో పడింది. పోనీ ఆ రశీదైనా పెంట్‌హౌస్‌దా? కాదు, కింద సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా, వదలనందుకు పెట్టుకున్నది. లోన్ కాదని చెప్పి ఇంజినీర్ వెళ్లిపోయారు.

బయానా ఇచ్చేయమన్నాను. "లోన్ నీకు రాకపోతే నేనేం జేయాలె? నిన్ను పిలిచి అంటగట్టిన్నా?" అన్నాడు ఓనర్. అప్పటిదాకా మీరు, అప్పటికప్పుడు నువ్వు. బ్రోకర్ వైపు చూశాను. రోజూ పొద్దున్నే "గుడ్ మార్నింగ్ అన్నా" అని మెసేజ్ పెట్టినవాడు, మా అమ్మను పెద్దమ్మా అని పిలిచి మా ఇంట్లో అన్నం తిన్నవాడు, ఫోన్లోంచి తల ఎత్తకుండా "చిట్టీల ఏం రాసుంటే గదే, సార్" అన్నాడు. సార్ అట! 2 లక్షల కన్నా ఆ సార్ ఎక్కువ మండింది. ఆ చిట్టీ, అంటే బయానా కాగితం, రాసింది కూడా అతనే. "కొనేవారు తప్పుకుంటే బయానా వాపసు లేదు." నేనెక్కడ తప్పుకున్నానయ్యా? కాగితం మీద లేని ఇల్లు అమ్మింది మీరు.

పాత బిల్డింగ్ మీద ఇట్లాంటిది కొనాలనుకుంటే మిట్టమధ్యాహ్నం వెళ్లండి, గట్టి వాన పడ్డాక ఇంకోసారి వెళ్లండి. ఫాల్స్ సీలింగ్ విప్పించి చూడండి. ఇంటిపన్ను రశీదు చూపిస్తే మురిసిపోకండి, పర్మిషన్ లేని కట్టడానికీ పన్ను వేస్తారు. భూమిలో వాటా ఎన్ని గజాలు రాస్తారో బయానాకు ముందే అడగండి. నాకు రాయబోయింది సున్నా, ఉత్త "టెర్రస్ హక్కులు". రెండంతస్తులకని ఎప్పుడో వేసిన పిల్లర్లు మూడోదాన్ని మోస్తాయా లేదా అన్నది ఇంజినీర్‌ను అడగాలి, మేస్త్రీని కాదు. లోన్ రాకపోతే బయానా వాపసు అని చిట్టీలో రాయించండి.

వాళ్ల పేర్లు ఇక్కడ పెట్టొద్దని వకీలు అన్నారు. నోటీసు సోమవారం పోతుంది. ఆ ఇంటికే బయానా కట్టబోతున్నవాళ్లు ఉంటే నాకు మెసేజ్ చేయండి, ప్లాన్ ఫోటో పంపిస్తా.