'ఓఆర్ఎస్' అనుకుని తీపి పానీయాలు కొంటున్న తల్లిదండ్రులకు హెచ్చరిక

పసిపిల్లలకు విరేచనాలు పట్టుకున్నప్పుడు మెడికల్ షాపులో ఓఆర్ఎస్ (ఒంట్లో తగ్గిన నీరు, లవణాలు తిరిగి చేర్చేందుకు నీటిలో కలిపి పట్టే మందు) అడిగి, అక్కడివారు చేతికిచ్చిన రంగురంగుల పెట్టె తెచ్చి తాగిస్తున్న వారందరూ దయచేసి ఇది చదవండి. 2025 వేసవిలో తొమ్మిది నెలల మా పాపను అనుకోకుండా ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినప్పుడు మాకు తెలిసివచ్చిన విషయాలు ఇవి. కంపెనీ పేరు రాయడం లేదు. ఇది ఒక్క కంపెనీతో పోయే సమస్య కాదు కాబట్టి పేరు కంటే పెట్టెను చదవడం తెలియడమే కొనేవారికి ముఖ్యమని నా అభిప్రాయం.

పాపకు రోటావైరస్ చుక్కలు 6, 10, 14 వారాలకు వేయించాం. ఆ టీకా వేయించినా వేరే వైరస్‌ల వల్ల విరేచనాలు రావచ్చునని డాక్టరు తరువాత చెప్పారు. మొదట వాంతులు మొదలై, సాయంత్రానికి నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. ఫోను చేస్తే, తల్లిపాలు ఆపకుండా ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా పట్టమని పిల్లల డాక్టరు చెప్పారు. మెడికల్ షాపులో ఓఆర్ఎస్ కావాలని అడిగితే, ఆయన పొడి ప్యాకెట్ మాటే ఎత్తకుండా యాపిల్ రుచి ఉన్న 200 మి.లీ. పెట్టెలు తీసి, "ఇదైతే పిల్లలు ఇష్టంగా తాగుతారమ్మా" అన్నాడు. పెట్టె ముందువైపు ఆ మూడు అక్షరాలూ దూరం నుంచి కూడా కనిపించేంత పెద్దవిగా ఉన్నాయి. జబ్బుపడిన బిడ్డ ఇంట్లో ఉండగా కొనుక్కుపోయే మనిషికి అంతకు మించి ఏం కనిపిస్తుంది?

పాప నిజంగానే ఇష్టంగా తాగింది. కానీ తాగిన కొద్దిసేపటికల్లా మళ్లీ విరేచనం అయ్యేది, అదీ ముందటి దానికంటే పలచగా. తెల్లవారేసరికి రాత్రి వేసిన డైపరు మూత్రంతో తడవలేదు, కళ్లు గుంటలు పడ్డాయి, నడినెత్తి మీద మాడు లోపలికి పోయింది, ఏడుస్తుంటే కన్నీరు రావడం లేదు. పాలకు దగ్గరకు తీసుకుంటే నోరు కూడా తెరవలేదు.

ఆసుపత్రిలో డాక్టరు పాప పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే ఆ ముడత వెంటనే సర్దుకోలేదు. అది చూసిన వెంటనే చేర్చుకున్నారు. ఒంట్లో నీరు తగ్గిన పసిబిడ్డకు నరం దొరకడం ఎంత కష్టమో ఆ గదిలో నిలబడి చూసినవారికే తెలుస్తుంది. చివరికి సూది నిలిచాక, చెయ్యి కదలకుండా అట్టముక్క పెట్టి ప్లాస్టర్ చుట్టి సెలైన్ ఎక్కించారు. కాస్త తెరిపిన పడ్డాక, ఇంట్లో ఏం తాగించారని డాక్టరు అడిగితే అత్తయ్య సంచిలోంచి పెట్టె తీసి చూపించారు. డాక్టరు దాన్ని వెనక్కి తిప్పి, అతికించి ఉన్న స్ట్రాను పీకి, దాని కింద సన్నటి అక్షరాల్లో ఉన్న ఇంగ్లీషు వాక్యం మాకు చదివి వినిపించారు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) సిఫారసు చేసిన ఓఆర్ఎస్ ఫార్ములా కాదని ఆ పెట్టె మీదే రాసి ఉంది.

ఆ సంస్థ సిఫారసు చేసిన మిశ్రమంలో లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు, మొత్తం 20.5 గ్రాములు ఉంటాయి. అంటే 200 మి.లీ.లో గ్లూకోజు మూడు గ్రాములు కూడా ఉండదు. మేము కొన్న పెట్టె మీది పట్టికలో అంతే పరిమాణానికి చక్కెర ఇరవై గ్రాములు దాటి ఉంది. పేగు గోడ సోడియాన్నీ గ్లూకోజునూ జంటగా లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరు ఒంట్లోకి చేరుతుంది. ఆ రెండూ సరైన పాళ్లలో ఉన్నప్పుడే ఈ పని జరుగుతుంది. చక్కెర మితిమీరితే పేగు పీల్చుకోలేక లోపల మిగిలిపోయి, ఒంట్లోని నీటినే పేగులోకి లాగుతుంది. మా పాపకు జబ్బు తెచ్చింది వైరసే, ఆ పానీయం కాదు. కానీ ఇంట్లోనే తగ్గిపోవలసిన దాన్ని ఆసుపత్రి దాకా తెచ్చినది ఆ పానీయమేనని డాక్టరు అభిప్రాయం, నాకూ అందులో సందేహం లేదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహాలనబిస్ వేలమంది కలరా రోగులను నిలబెట్టినది ఉప్పు, గ్లూకోజు కొలిచి కలిపిన ఇలాంటి నీటితోనే. అంతటి ప్రాణదాతైన మందు పేరును పండ్ల రుచుల తీపి నీళ్లకు అంటించి అమ్మడం నాకు అన్యాయంగా తోస్తోంది.

దీని మీద హైదరాబాదుకు చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022 ఏప్రిల్‌లో ఇలాంటి పానీయాలకు ఓఆర్ఎస్ అన్న పేరు వాడకూడదని చెప్పి, అదే ఏడాది జూలైలో హెచ్చరిక వాక్యం ముద్రిస్తే చాలని సడలించి, చివరకు 2025 అక్టోబరు 14న ఆ సడలింపును రద్దు చేసింది. అందువల్ల ప్రమాదం తీరిపోయిందని అనుకోకండి. ఆ మధ్య మా వీధి షాపులో చూస్తే అదే అరలో, అవే రంగుల్లో, పేరు మార్చుకున్న పెట్టెలు పేర్చి ఉన్నాయి. ఓఆర్ఎస్ అడిగినవారి చేతికి అవే అందుతున్నాయి.

కాబట్టి షాపులో "ఓఆర్ఎస్" అని ఊరుకోకుండా "డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా ఓఆర్ఎస్ పొడి" అని అడగండి. డబ్బు చెల్లించే ముందు వెనుకవైపు చూడండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు ఉంటే అది ఆహార పదార్థం, మందు కాదు. మందుగా తయారైన ఓఆర్ఎస్ మీద ఔషధ తయారీ లైసెన్సు నంబరు, 'ఐ.పి.' (భారత ఔషధ ప్రమాణాల గ్రంథం, ఇండియన్ ఫార్మకోపియా) అన్న అక్షరాలు, పైన చెప్పిన నాలుగు పదార్థాల కొలతలు ఉంటాయి. ఆశా కార్యకర్తల దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇవే ప్యాకెట్లు ఉచితంగా ఇస్తారు.

లీటరు ప్యాకెట్‌ను ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. సగం పొడి అందాజుగా గ్లాసులో వేస్తే పాళ్లు చెడతాయి. ఇరవై నాలుగు గంటల తరువాత మిగిలినది పారబోయాలి. రెండేళ్ల లోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ. వరకు చెంచాతో పట్టాలి, జింకు చుక్కలు డాక్టరు చెప్పిన మోతాదులో వెయ్యాలి. ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, బిడ్డ మగతగా పడి ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంట్లో ఏ ప్రయత్నమూ చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. సెలైన్ తీశాక మా పాపకు అక్కడ పట్టినది ఈ పొడి నీళ్లే. దాని రుచికి మొహం చిట్లించినా తాగింది, కోలుకుంది.

ఓఆర్ఎస్ అడిగితే తీపి పానీయం అంటగట్టిన షాపు మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చెయ్యవచ్చు. బిల్లు అడిగి తీసుకోండి. బ్యాచ్ నంబరు కనిపించేలా పెట్టెకు ఫొటో తీసి, ఆ పెట్టెను కూడా పారేయకుండా ఉంచితే ఫిర్యాదుకు ఆధారం ఉంటుంది.