త్స్రెస్ ద్వీపంలో రాబందుల దగ్గరికి

క్రొయేషియాలోని త్స్రెస్ ద్వీపానికి ఎక్కువమంది సముద్రస్నానాలకే వస్తారు. నన్నడిగితే ముందు బెలీ ఊరికి వెళ్లండి. అక్కడ గ్రిఫాన్ రాబందుల సంరక్షణ కేంద్రం ఉంది.

ప్రధాన భూభాగంలోని బ్రెస్తోవా రేవు నుంచి ద్వీపంలోని పొరొజినాకు ఫెర్రీలో 20 నిమిషాల ప్రయాణం, కారు కూడా ఎక్కించుకోవచ్చు. బెలీకి బస్సుల్ని నమ్ముకుంటే కష్టం, అద్దె కారే మేలు. కాకపోతే చివర్లో దారి ఒక్క బండి పట్టేంతే. ఎదురుగా ఏదైనా వస్తే ఎవరో ఒకరు వెనక్కి తీయాల్సిందే.

కేంద్రం చిన్నది. జూలాగా ఊహించుకుని వెళ్లేవాళ్లకు నచ్చకపోవచ్చు. నాకైతే బాగా నచ్చింది. ఈ ద్వీపపు రాబందులు సముద్రం మీదికి నిలువుగా దిగే కొండచరియల్లో గూళ్లు పెడతాయి. ఏడాదికి ఒక్కటే గుడ్డు. రెక్కలు సరిగా రాని పిల్ల పడవల అలికిడికి బెదిరి ఎగిరితే నీళ్లలో పడుతుంది, మళ్లీ లేవలేదు. అలాంటివాటిని తెచ్చి, బలం పుంజుకున్నాక వదిలేస్తారు. పెద్ద పంజరంలో ఒకటి రెక్కలు విప్పింది. రెండున్నర మీటర్లుంటాయి! మన దేశంలో పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, వాటి కళేబరాలు తిన్న రాబందుల్ని దాదాపు తుడిచిపెట్టేసింది. 2006లో దాన్ని పశువులకు వాడటం నిషేధించారు. ఆసిఫాబాద్ జిల్లా పాలరాపు గుట్ట మీద మిగిలినవి గుర్తొచ్చి గుండె బరువెక్కింది. ఇక్కడి పక్షులకు తిండి గొర్రెల కళేబరాలే. గొర్రెల పెంపకం తగ్గితే వీటికీ గడ్డుకాలమే.

ఊరి చుట్టూ ఉన్న త్రమున్తానా అడవిలో గుర్తులు పెట్టిన కాలిబాటలున్నాయి. ఓక్ చెట్ల నీడ, నాచు పట్టిన రాతిగోడలు, పాత రోమన్ వంతెన. ఎత్తు తక్కువే అయినా రాళ్లు కాళ్లకింద జారుతాయి, మంచి బూట్లు కావాలి. దారిలో నీళ్లు దొరకవు. చెట్లు లేని చోట ఆగి తల పైకెత్తి చూడండి, రాబందులు గిరికీలు కొడుతూ కనిపిస్తాయి.

బసకు బెలీలో గదులు తక్కువ, ప్రశాంతత ఎక్కువ. దుకాణాలు, హోటళ్లు కావాలంటే త్స్రెస్ పట్టణమే. శాకాహారులకు పాస్తా, జున్ను తప్ప పెద్దగా దొరకవు, వంటగది ఉన్న గది తీసుకోండి. మాంసం తినేవాళ్లు ఇక్కడి గొర్రెపిల్ల మాంసం రుచి చూడాలి.

గూళ్ల దాకా తీసుకెళ్తామనే పడవ షికార్లు మాత్రం వద్దు. రాబందు పిల్లలు ఎగరడం నేర్చుకునే వేసవిలో అసలే వద్దు.