గిటార్ ప్రాసెసర్‌కి ఏ బాక్సు కొనాలి? విశాఖ గిటారిస్టుల కోసం ఫుల్ రేంజ్ స్పీకర్లు, గిటార్ క్యాబినెట్‌ల సమీక్ష

గిటార్ ఆంప్‌లనీ ఎఫెక్టులనీ అనుకరించే హీలిక్స్, క్వాడ్ కార్టెక్స్, జీటీ-1000 లాంటి ప్రాసెసర్ చేతికొచ్చాక అసలు ఖర్చు ఇంకా మిగిలే ఉంటుంది: దాన్ని ఏ బాక్సులోంచి వినాలి? చర్చిలోనో, పెళ్ళి ఆర్కెస్ట్రాలోనో, గురజాడ కళాక్షేత్రం లాంటి ఆడిటోరియంలోనో వాయించేవాళ్ళు ఫుల్ రేంజ్ పవర్డ్ స్పీకరే (బేస్ నుంచి ట్రెబుల్ దాకా అన్నీ పలికేది, ఆంప్ లోపలే ఉన్నది) కొనుక్కోవాలి. ఇక్కడ చూసినవాటిలో మొదటి ఓటు యమహా డీబీఆర్10కి. గిటార్ క్యాబినెట్, అంటే గిటార్ స్పీకర్లు మాత్రమే ఉన్న పెట్టె, మంచిదే, కానీ రిహార్సల్ గది ఒకటి స్థిరంగా ఉండి, బాక్సును అక్కణ్ణుంచి కదపక్కర్లేని బ్యాండుకి.

గిటార్ స్పీకరు శబ్దాన్ని వినిపించడంతో ఆగదు, వడకడుతుంది కూడా. సెలెస్టియన్ వింటేజ్ 30 అనే గిటార్ స్పీకరుకి కంపెనీ ఇచ్చిన రేంజి 70 నుంచి 5,000 హెర్ట్జ్. ఆ పైనున్న డిస్టార్షన్ గరగరని చాలావరకు ఆ స్పీకరే మింగేస్తుంది. ప్రాసెసర్‌లో క్యాబ్ బ్లాకు, అంటే ఐఆర్ (ఒక క్యాబినెట్ మోగే తీరును పట్టుకున్న ఫైలు), చేసేదీ అదే పని. కాకపోతే స్పీకరు ముందు పెట్టిన మైకు లక్షణాన్ని కూడా అది కలుపుతుంది. అందుకే ఫుల్ రేంజ్ స్పీకరుకి వెళ్ళే దారిలో క్యాబ్ బ్లాకు ఉండాలి, గిటార్ క్యాబినెట్‌కి వెళ్ళే దారిలో ఉండకూడదు. మొదటిది మరిచిపోతే కందిరీగల రొద వినిపిస్తుంది. రెండోది మరిచిపోతే బాక్సు మీద దుప్పటి కప్పినట్టు సౌండు మూసుకుపోతుంది. బాక్సు బాగాలేదని తిట్టుకునే ముందు ఈ ఒక్కటి చూసుకోండి.

డీబీఆర్10లో 10 అంగుళాల వూఫరు, పైన ట్రెబుల్ కోసం హార్న్ డ్రైవరు ఉంటాయి. 700 వాట్లు అన్నది పీక్ (క్షణకాలం ఇచ్చే గరిష్ఠం) లెక్క, నిలకడగా ఇచ్చేది 325. బరువు పదిన్నర కిలోలు, స్కూటీ ఫుట్‌బోర్డు మీద పెట్టుకుని వెళ్ళిపోవచ్చు. పక్కకి వంచి నేలమీద పడుకోబెడితే మానిటర్‌లా ముఖంవైపు తిరుగుతుంది. వెనకాల టోన్ మార్చే డీ-కాంటూర్ స్విచ్చు విషయంలో జాగ్రత్త. మెయిన్ స్థానం బేస్‌నీ ట్రెబుల్‌నీ పెంచి పాటలు వినడానికి బాగుంటుంది కానీ గిటార్‌ని పాడుచేస్తుంది. స్టాండు మీదైతే ఆఫ్‌లో ఉంచండి, నేలమీదైతే మానిటర్‌లో పెట్టండి. నేల వల్ల పేరుకునే బేస్‌ని అది తగ్గిస్తుంది. మొదటి ఇన్‌పుట్‌కి లైన్, మైక్ స్విచ్చు ఉంది. ప్రాసెసర్‌లో అవుట్‌పుట్‌ని లైన్‌గా పెట్టి ఇక్కడ మైక్‌లో వదిలేస్తే చిన్న నోటుకే శబ్దం పగులుతుంది, స్పీకరు పోయిందని కంగారు పడతారు.

ఫుల్ రేంజ్ స్పీకర్ల మీద వినిపించే పెద్ద ఫిర్యాదు, "ఆంప్‌లా లేదు, చెవుల్లో గుచ్చుతోంది" అని. ఇందులో చాలా భాగం ప్యాచ్ (ప్రాసెసర్‌లో దాచుకున్న సౌండు సెట్టింగు) తప్పే. మన చెవి చిన్న వాల్యూమ్‌లో బేస్‌ని, పై ఫ్రీక్వెన్సీలని తక్కువగా పట్టుకుంటుంది. ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. రాత్రి అపార్ట్‌మెంటులో హెడ్‌ఫోన్లు పెట్టుకుని చేసిన ప్యాచ్‌లో ఆ రెండూ తెలియకుండానే పెరిగిపోతాయి. స్టేజి మీద అదే ప్యాచ్ కింద గుమ్మటంలా మోగుతుంది, పైన సూదిలా గుచ్చుతుంది. కాబట్టి ప్యాచ్‌ని వాయించే వాల్యూమ్‌లోనే చేయాలి. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి, మీరు నిలబడే చోట 85 నుంచి 90 డెసిబెల్ వచ్చేలా చూసుకోండి. తర్వాత లో కట్ (కింది ఫ్రీక్వెన్సీలని కోసే ఫిల్టరు) 80 నుంచి 100 హెర్ట్జ్. గిటార్ ఆరో తీగ 82 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, దాని కింద ఉన్నదంతా బేస్ గిటార్‌కీ కిక్ డ్రమ్‌కీ అడ్డమే. పైవాటిని కోసే హై కట్‌ని 8,000 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి, గరగర పోయేదాకా మెల్లగా దించండి. సాధారణంగా 6,000 చుట్టుపక్కల ఆగుతుంది. అప్పటికీ గుచ్చుతుంటే 2,500 నుంచి 4,000 మధ్య రెండు మూడు డెసిబెల్ తగ్గించండి. ఐఆర్ ఎంపిక కూడా ముఖ్యం. ఎస్ఎం57 మైకుని కోన్ సరిగ్గా మధ్యకు గురిపెట్టి తీసినది పదునుగా ఉంటుంది. కోన్ మధ్యలో ఉండే మూత (క్యాప్) అంచున తీసినదాన్నో, రిబ్బన్ మైకుతో కలిపినదాన్నో తీసుకుంటే ఈక్యూ పని సగం తగ్గుతుంది.

మరో ఫుల్ రేంజ్ స్పీకరు హెడ్‌రష్ ఎఫ్‌ఆర్‌ఎఫ్‌ఆర్-108 మీద 2,000 వాట్లు అని రాసి ఉంటుంది. అది పీక్ అంకె, దాన్ని చూసి కొనకండి. 8 అంగుళాల కోన్ ఎంత గాలిని కదపగలదో అంతే శబ్దం. ఇంట్లో, చిన్న కేఫ్‌లో హాయిగా సరిపోతుంది. డ్రమ్మర్ గట్టిగా కొట్టేవాడైతే లో మిడ్స్ దగ్గర ఊపిరాడదు.

మధ్యేమార్గం కావాలంటే లైన్6 పవర్‌క్యాబ్ 112 ఉంది: 250 వాట్లు, 12 అంగుళాల స్పీకరు, దాని మధ్యలోనే హై డ్రైవరు. ఫ్లాట్ మోడ్‌లో మామూలు ఫుల్ రేంజ్. స్పీకర్ మోడ్‌లోకి మారిస్తే వింటేజ్ 30, గ్రీన్‌బ్యాక్ తరహా స్పీకర్లను అనుకరిస్తుంది. అప్పుడు ప్రాసెసర్‌లో క్యాబ్ బ్లాకు తీసేయాలి. ఈ రెండో మోడ్ నిజంగా బాగుంది: మైకులోంచి విన్నట్టు కాకుండా గదిలో క్యాబినెట్ ఉన్నట్టు వినిపిస్తుంది. క్యాబినెట్ అలవాటున్నవాళ్ళకి, విడిగా పవర్ ఆంప్ మోయకూడదనుకునేవాళ్ళకి ఇదే సరైనది. ఇప్పటికే ఖాళీ 12 అంగుళాల క్యాబినెట్ పడి ఉంటే అందులో సెలెస్టియన్ ఎఫ్12-ఎక్స్200 బిగించుకోవచ్చు. 200 వాట్లు, 8 ఓమ్‌లు, 60 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు పలుకుతుంది. పవర్ ఆంప్ మాత్రం విడిగా కావాలి.

ఇక అసలు గిటార్ క్యాబినెట్. ఆ పంచ్, వేళ్ళ కింద నోటు తన్నుకొచ్చే తీరు వేరు. దానికి సేమౌర్ డంకన్ పవర్‌స్టేజ్ 170 లాంటి పవర్ ఆంప్ తోడు కావాలి. 170 వాట్లు అన్నది 4 ఓమ్‌ల మీద, 8 ఓమ్‌ల బాక్సుకి అంతకన్నా తక్కువే వస్తుంది. వింటేజ్ 30 ఒక్కటే భరించేది 60 వాట్లు. ఒక్క స్పీకరు బాక్సుని ఈ ఆంప్‌తో పూర్తిగా పెంచితే కాయిల్ మాడుతుంది. డిస్టార్షన్ పెడితే శబ్దం ఎప్పుడూ నిండుగా ఉంటుంది కాబట్టి ఇంకా త్వరగా మాడుతుంది. 16 ఓమ్‌ల స్పీకర్లు రెండు పారలల్‌లో కలిపిన 2×12 బాక్సు 8 ఓమ్‌లు అవుతుంది, 120 వాట్లు తీసుకుంటుంది. అదే భద్రం. ఆంప్ నుంచి బాక్సుకి స్పీకర్ కేబులే వాడాలి. గిటార్ కేబుల్‌లోని సన్నటి తీగ ఆ కరెంటుకి వేడెక్కుతుంది.

అయితే హాలుకి వెళ్ళే శబ్దం సంగతి? ప్రాసెసర్‌లో ఆంప్ బ్లాకు తర్వాత దారిని రెండుగా చీల్చాలి. ఒకటి క్యాబ్ బ్లాకు గుండా ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల జాక్) అవుట్‌పుట్‌కి, మిక్సర్ వాళ్ళకి. రెండోది క్యాబ్ లేకుండా పవర్ ఆంప్‌కి. కెంపర్ అనే ప్రాసెసర్‌లో దీనికి "మానిటర్ క్యాబ్ ఆఫ్" అనే సెట్టింగే ఉంది. చిక్కేమిటంటే మీరు వినేది ఒకటి, జనం వినేది ఇంకొకటి. పైగా 12 అంగుళాల కోన్ పై ఫ్రీక్వెన్సీలని టార్చిలైటులా నేరుగా ముందుకే విసురుతుంది. మోకాలి ఎత్తులో బాక్సు, పక్కన నిలబడ్డ మీకు మొద్దుగా వినిపించి ట్రెబుల్ పెంచుతారు, ముందు వరసలో వాళ్ళ చెవులు పోతాయి. హార్న్ ఉన్న స్పీకరు శబ్దాన్ని వెడల్పుగా పంచుతుంది. సౌండ్ వాళ్ళు గిటార్‌ని చేతికి వచ్చినట్టు సర్దేసే మన ఫంక్షన్లలో, మీరు విన్నదే జనమూ వినడం చాలా పెద్ద లాభం.

ఉప్పుగాలి మాట చెప్పకుండా విశాఖలో ఏ బాక్సు గురించీ రాయకూడదు. బీచ్ రోడ్డులోనో, రుషికొండ వైపో ఆరుబయట ప్రోగ్రామ్ అయితే ఇంటికి రాగానే గ్రిల్లుని పొడిబట్టతో తుడిచి, జాక్‌లలో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, కవరులో సిలికా జెల్ సంచులు వేయండి. స్టీలు గ్రిల్లు, జాక్‌లు ముందు తుప్పు పడతాయి. పార్టికిల్ బోర్డు క్యాబినెట్ అయితే అడుగు అంచులు తేమకి ఉబ్బుతాయి. ప్లైవుడ్‌దైనా తీసుకోండి, లేదా డీబీఆర్ లాంటి ప్లాస్టిక్ బాడీది. పందిళ్ళలో జనరేటర్ మీద హమ్ వస్తే బ్యాలెన్స్‌డ్ (రొద పట్టని మూడు తీగల) కేబుల్ వేసి, ప్రాసెసర్‌లో గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చు ఉంటే చూడండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పుడూ తీయొద్దు, తీగలు ముట్టుకున్న చేయి మైకు తాకితే షాకు కొట్టేది అలాగే.

షాపుకి మీ ప్రాసెసర్, మీ గిటార్ పట్టుకెళ్ళండి. ఒక క్లీన్ ప్యాచ్, ఒక డిస్టార్షన్ ప్యాచ్ చాలు. బాక్సుని గోడ మూలలోంచి మీటరు ముందుకి జరిపించండి, మూలలో ఏ బాక్సైనా బేస్ గొప్పగా వినిపిస్తుంది. ఆరో తీగ మీద ఒక్కో ఫ్రెట్ మెల్లగా వాయిస్తూ గ్రిల్లో హ్యాండిలో జలజల మోగుతోందా వినండి. తర్వాత వేరేవాళ్ళ చేత వాయించి, మీరు బాక్సు ముందునుంచి పక్కకి నాలుగడుగులు నడిచి వినండి. పక్కనుంచి ఎలా వినిపించిందో అదే మీ డ్రమ్మర్‌కి వినిపించే సౌండు. డబ్బు కట్టేముందు వారంటీ రిపేరు విశాఖలోనే చేస్తారా, హైదరాబాదు పంపాలా, పంపితే ఖర్చు ఎవరిది అని అడిగి బిల్లు మీద రాయించుకోండి.