ఓడ కార్డు, ఒడ్డు మీద ఫోను: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఓడలో ఇచ్చే కార్డు మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. ఒడ్డున దిగాక ఫోను మీద మాత్రం అంత నమ్మకం లేదు. ఇంట్లో పెద్దవాళ్లను, పిల్లలను వెంటబెట్టుకుని కొన్నేళ్లుగా సముద్ర ప్రయాణాలు చేస్తున్నాం. తిరుపతి నుంచి సప్తగిరి రైల్లోనో, కారులోనో చెన్నై చేరి అక్కడి రేవు నుంచి శ్రీలంకకు వెళ్తాం. లేదంటే విమానంలో సింగపూర్ వెళ్లి, అక్కడి నుంచి పెనాంగ్, ఫుకెట్ వైపు ఓడ ఎక్కుతాం. 2023 జూన్‌లో చెన్నై నుంచి శ్రీలంకకు ఎంప్రెస్ ఓడ మొదలయ్యాక మా వీధిలోనూ, చిత్తూరులోని మా చుట్టాల్లోనూ బయల్దేరేవాళ్లు పెరిగారు. గది ఎంత ఉంటుంది, శాకాహారం దొరుకుతుందా అని అందరూ అడుగుతారు. ఊళ్లోకి దిగాక ఒకరినొకరు ఎలా పట్టుకోవాలో ఒక్కరూ అడగరు. ఇబ్బంది వచ్చేది అక్కడే.

ముందు కార్డు సంగతి. ఓడ ఎక్కే రోజు మనిషికొక ప్లాస్టిక్ కార్డు చేతికొస్తుంది. రాయల్ కరీబియన్ అనే ఓడల కంపెనీ వాళ్లు దాన్ని సీపాస్ అంటారు, కార్నివాల్ వాళ్లు సెయిల్ అండ్ సైన్ అంటారు. ప్రిన్సెస్ ఓడల్లో 2017లో మొదలుపెట్టి కార్డు బదులు మెడాలియన్ అని ఒక గుండ్రటి బిళ్ల ఇస్తున్నారు. ఏదైనా చేసే పని ఒకటే. గది తలుపు దాంతోనే తీయాలి, ఓడలో ఏం కొన్నా దాని మీదే రాసుకుంటారు, దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ అదే గుర్తింపు. పర్సు బయటికి తీసే పనే ఉండదు. పిల్లల కార్డు మీద కొనుగోళ్లు ఆపేయమని గెస్ట్ సర్వీసెస్ కౌంటర్లో చెబితే ఆపేస్తారు. మొదటి రోజే ఆ పని చేసేయండి.

నాకు బాగా నచ్చింది ఓడ ఎక్కి దిగే దారిలో, అంటే గ్యాంగ్‌వే దగ్గర జరిగే పని. కార్డు మిషన్‌కు ఆనించగానే టింగ్ మని మోగుతుంది, సెక్యూరిటీ వాళ్ల స్క్రీన్ మీద మన ఫొటో వస్తుంది. వాళ్లు ఫొటోనూ మన మొహాన్నీ చూసి వదులుతారు. ఈ పద్ధతి ఊరికే పెట్టింది కాదు. ఓడల భద్రత కోసం తెచ్చిన ఐఎస్‌పీఎస్ కోడ్ 2004 జులై 1 నుంచి ప్రపంచమంతా అమల్లో ఉంది. ఓడలోకి ఎవరు వస్తున్నారన్నది అదుపులో ఉండాలన్నది అందులో గట్టి షరతు. మా బావగారు ఒకసారి ప్రయాణానికి ముందు కొండకెళ్లి తలనీలాలిచ్చి వచ్చారు. దారిలో ఒక ఇమిగ్రేషన్ కౌంటర్లో పాస్‌పోర్టు ఫొటోనూ ఆయన గుండునూ మార్చి మార్చి చూసి ఏవేవో ప్రశ్నలడిగారు. ఓడ దగ్గర మాత్రం ఆయనకు ఏ రేవులోనూ ఇబ్బంది రాలేదు. కార్డుకు జతచేసిన ఫొటో ఎక్కిన రోజు అక్కడ తీసిందే కదా, గుండుతోనే ఉంది.

కార్డు మీద ఏముందో ఒకసారి తీరిగ్గా చదవండి. పేరు, ఓడ పేరు, బయల్దేరే తేదీ ఉంటాయి. వాటితో పాటు చిన్నగా ఒక అక్షరమో అంకో ఉంటుంది. ప్రమాదం వస్తే మనం చేరాల్సిన చోటు అది, మస్టర్ స్టేషన్ అంటారు. 2012 జనవరిలో కోస్టా కాంకార్డియా అనే ప్రయాణికుల ఓడ ఇటలీ తీరంలో ఒరిగిపోయిన తర్వాత ఈ విషయంలో నిబంధనలు బిగించారు. ఇప్పుడు ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే, ఆ కసరత్తు చేయించాల్సిందే. ఒకే కుటుంబం వేర్వేరు చోట్ల గదులు తీసుకుంటే ఈ గుర్తులు కూడా వేరుగా రావచ్చు. మా అత్తయ్యగారి కార్డు మీద ఒకటి, మాది ఒకటి వచ్చింది ఒకసారి. అందుకని మొదటి పూటే అందరి కార్డులూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి చూసుకుంటాం. మేం వాడినవాటి మీద గది నంబరు లేదు. అది మంచిదే, దారిలో పడిపోయినా దొరికినవాడికి ఏ గదో తెలియదు.

లోపాలూ ఉన్నాయి. అయస్కాంత గీత ఉన్న కార్డులు ఫోను పక్కన పెడితే చెడిపోతాయి. ఫ్లిప్ కవర్ మూతలో చిన్న అయస్కాంతం ఉంటుంది, దాని దెబ్బకు గీత మీది సమాచారం పోతుంది. తర్వాత గది తలుపు దగ్గర ఎంత రుద్దినా ఎర్ర లైటే. తలుపుకు ఆనిస్తే చాలు అనే కొత్తరకం కార్డులకు ఈ బాధ లేదు. ఒక ఓడలో మా చిన్నోడి కార్డు ఇలాగే పోయింది, అదీ ఊళ్లోకి దిగాల్సిన పొద్దున్నే. కౌంటర్ దగ్గర పెద్ద వరస. కొత్త కార్డు రెండు నిమిషాల్లో, డబ్బు తీసుకోకుండానే ఇచ్చారు కానీ, వరసలో నిలబడ్డానికే సగం పొద్దు పోయింది. దిగే రోజుల్లో పొద్దున్న అందరూ అక్కడే ఉంటారని తెలిసి కూడా ఇంకో మనిషిని కూర్చోబెట్టకపోవడం నాకు నచ్చలేదు. అందుకే ముందు రోజు రాత్రి పడుకోబోయే ముందే అందరి కార్డులతోనూ తలుపు తీసి చూస్తే మంచిది.

కార్డు ఎక్కడ పెట్టుకోవాలన్నదానికి నా సమాధానం మెడ. కౌంటర్లో అడిగితే కార్డుకు రంధ్రం కొట్టి ఇస్తారు. లేకపోతే మన బజార్లో స్కూలు పిల్లల ఐడీ కార్డులకు అమ్మే ట్యాగు, ప్లాస్టిక్ పౌచ్ తీసుకెళ్లండి. జాఫ్నాలో నల్లూరు కందస్వామి కోవెలకు వెళ్లినప్పుడు దీని విలువ తెలిసింది. అక్కడ మగవాళ్లు చొక్కా తీసేసి లోపలికి వెళ్లాలి. జేబులో కార్డు పెట్టుకున్నవాళ్లు చొక్కా మడిచి చంకలో పెట్టుకుని, దర్శనమంతా జేబు తడుముకుంటూనే ఉన్నారు. మా మామయ్య ఒట్టి ఛాతీ మీద విభూతి, పక్కన కార్డు వేలాడుతుంటే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టుకున్నారు. బజారులో తిరిగేటప్పుడు మాత్రం దాన్ని చొక్కా లోపలికి వేసుకోవాలి. ఓడ దిగి వచ్చినవాళ్లమని అందరికీ చూపించాల్సిన పని లేదు.

ఇక ఫోను. ఓడలో ఉన్నంతసేపూ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై మాత్రం ఆన్ చేసుకోండి. తీరం దాటాక ఓడకు సొంత టవరు ఉంటుంది, అది ఉపగ్రహం మీద నడుస్తుంది. మామూలు ఇంటర్నేషనల్ రోమింగ్ ప్యాకుల్లో దేశాల పేర్లుంటాయి, ఓడ చాలావాటిలో ఉండదు. ఫోను తనంతట తానే ఆ టవర్ని పట్టుకుంటే బిల్లు చూసి గుండె ఆగినంత పనవుతుంది. ఓడవాళ్ల యాప్‌లో చాట్ ఉంటుంది, మా పిల్లలకు అదంటే ప్రాణం. కానీ అది ఓడ వైఫై ఉన్నంతవరకే. ఒడ్డున కాలు పెట్టగానే ఆ చాట్ మూగబోతుంది. చాలామంది ఈ సంగతి తెలియక యాప్‌లో "యాడుండారు?" అని పెట్టి, జవాబు రాలేదని కంగారు పడతారు.

ఒడ్డు మీదికి నేను పెట్టుకున్న పద్ధతి ఇది. మన సిమ్ తీయను. బ్యాంకు ఓటీపీలు దానికే రావాలి, దాంట్లో డేటా మాత్రం ఆపేస్తాను. డేటాకు ఆ దేశానిదో, ఆ ప్రాంతమంతటిదో ఇ-సిమ్ ఇంటి దగ్గరే వేసుకుని వెళ్తాను. అందరికీ అక్కర్లేదు, ఒక్కో గుంపుకు ఒక ఫోనులో ఉంటే చాలు, మిగతావాళ్లకు హాట్‌స్పాట్ ఇవ్వొచ్చు. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడు రకాలు ఉంటుంది, ఓడ దిగగానే 8 గంటలది పెట్టేస్తాం. ఆ ఊరి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటాం. చిన్న వాకీటాకీలు కొనాలని మావాళ్లు కొందరు అడిగారు. మన దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ పవరువాటికి 2018 నుంచి లైసెన్సు అక్కర్లేదు కానీ, పరాయి దేశంలో ఆ దేశం రూలే చెల్లుతుంది. పైగా ఓడ ఇనుప గోడల మధ్య అవి సరిగా పలకవు. నేనైతే కొనొద్దనే చెబుతాను.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది టైము. సింగపూర్, మలేషియా మనకంటే రెండున్నర గంటలు ముందు, థాయ్‌లాండ్ గంటన్నరే ముందు. సింగపూర్‌లో బయల్దేరిన ఓడ ఫుకెట్‌లో కూడా సింగపూర్ టైమే పాటిస్తే, ఒడ్డున దిగిన మన ఫోను మాత్రం అక్కడి టవరు చూసి తనంతట తానే గంట వెనక్కి జరుగుతుంది. ఫోనులో మూడున్నర అని నింపాదిగా కొబ్బరినీళ్లు తాగుతుంటాం, ఓడలో అప్పుడు నాలుగున్నర. ఫుకెట్ పటాంగ్ దగ్గర పెద్ద ఓడలు సముద్రంలోనే లంగరేసి చిన్న పడవల్లో జనాన్ని దింపుతాయి. అంటే చివరి పడవ టైము ఇంకా ముందు ఉంటుంది. ఫోను గడియారాన్ని నమ్మకుండా చేతికి మామూలు వాచీ కట్టుకుని, దాన్ని ఓడ టైముకు పెట్టుకోవాలి. మా మామయ్య పాత హెచ్ఎంటీ ఈ పనికి ఎంత బాగా పనికొస్తుందో చెప్పలేను. శ్రీలంకలో ఈ తంటా లేదు, వాళ్లదీ మనదీ ఒకటే టైము.

ఇన్ని చేసినా ఫోను పలకని గంట ఒకటి వస్తుంది. ఛార్జింగ్ అయిపోతుంది, రోమింగ్ అందుకోదు, పెద్దవాళ్లు ఏదో నొక్కి డేటా ఆపేస్తారు. తిరుపతి వాళ్లకు దీనికి మందు ఎప్పటినుంచో తెలుసు. కొండ మీద గుళ్లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, క్యూలో వేరుపడ్డవాళ్లు ఒకరినొకరు పిలుచుకునే వీలుండదు. అందుకే మా ఇళ్లలో కంపార్ట్‌మెంట్‌లోకి వెళ్లకముందే "తప్పిపోతే అఖిలాండం దగ్గర" అనుకుంటాం. గుడి ఎదురుగా కొబ్బరికాయలు కొట్టే చోటు అది. ప్రతి రేవులోనూ ఇదే పని చేస్తాం. పెనాంగ్‌లో ఓడ ఆగే స్వెటెన్‌హామ్ పియర్ దాటగానే విక్టోరియా రాణి గడియార స్తంభం ఉంది. 60 అడుగుల ఎత్తు, రాణి పాలనకు 60 ఏళ్లు నిండినందుకు ఏడాదికి ఒక్కో అడుగు చొప్పున కట్టారట. దూరం నుంచే కనిపిస్తుంది. ఓడ టైము మూడింటికి అందరూ అక్కడ ఉండాలి, ఎవరు కనబడకపోయినా వెతుక్కుంటూ పోకూడదు అని మాట పెట్టుకున్నాం. క్వీన్ స్ట్రీట్‌లో 1833లో కట్టిన మారియమ్మన్ గుడి ఉంది. దర్శనం చేసుకుని లిటిల్ ఇండియాలో పూల కొట్ల దగ్గర నిలబడ్డాం. ఐదు నిమిషాల్లో మా పిన్ని కనబడలేదు. ఫోను స్విచాఫ్. బాబాయి మొహంలో రంగు మారింది. స్తంభం దగ్గరికి వెళ్లేసరికి ఆమె నీడలో కూర్చుని మల్లెమాల మోకాలి మీద పెట్టుకుని ఉంది. "యాడికి పోతాను? గడియారం కాడుండమంటిరి గదా, ఉండా" అంది. ఆ రోజు నుంచి లైవ్ లొకేషన్ కంటే ఈ మాటకే విలువ ఎక్కువ ఇస్తున్నాం.

కార్డు పౌచ్‌లోనే వెనక ఒక చీటీ పెట్టండి. ఓడ పేరు, పియర్ పేరు, చివరగా ఎక్కాల్సిన టైము పక్కన "ఓడ టైము" అన్న మాట, మన గుంపులో ఇద్దరి నంబర్లు ముందు +91తో. ఇంకొకటి ముఖ్యం, పోర్ట్ ఏజెంట్ నంబరు. ఆ రేవులో ఓడ తరపున పనులు చూసే మనిషి అతను. ముందు రోజు రాత్రి ఇచ్చే దినచర్య కాగితంలోనో, యాప్‌లోనో అతని నంబరు వేస్తారు. ఓడ తప్పిపోతే మొదట చేయాల్సిన ఫోను అదే. కొన్ని మార్గాల్లో పాస్‌పోర్టులు ఓడవాళ్లే తమ దగ్గర పెట్టుకుంటారు. అలాంటప్పుడు జిరాక్స్ ఒకటి, ఆధార్ కాకుండా పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలది, వెంట ఉండాలి. కార్డు ఒడ్డున పోగొట్టుకున్నా భయం లేదు. గ్యాంగ్‌వే దగ్గర పేరు, గది నంబరు చెప్పి జిరాక్స్ చూపిస్తే స్క్రీన్ మీద ఫొటోతో సరిపోల్చుకుంటారు. పోయిన కార్డును పనిచేయకుండా చేసి కొత్తది ఇస్తారు.

నాకున్న పెద్ద అసంతృప్తి చెబుతాను. మాలో ఎవరు దిగారు, ఎవరు తిరిగి ఎక్కారు అన్నది ఆ మిషన్‌కు క్షణాల్లో తెలుసు. మాకు తెలియదు. ఒకే బుకింగ్‌లో ఉన్న కుటుంబానికి "మీవాళ్లు ఓడ ఎక్కారు" అని యాప్‌లో ఒక మెసేజ్ పంపితే ఎంతమంది ప్రాణం కుదుటపడుతుందో. మేం ఎక్కిన ఓడల్లో ఆ సదుపాయం కనబడలేదు. ఇంటి దగ్గర తిరుపతిలో మా కోడలు సాయంత్రం అయ్యేసరికి ఫోను పట్టుకుని కూర్చుంటుంది, ఆమెకు నేను గ్యాంగ్‌వే మీద నుంచే, ఏరోప్లేన్ మోడ్ పెట్టకముందే, "అందరం ఎక్కాం" అని పెడతాను. మా గుంపు రెండుగా విడిపోయి వచ్చిన రోజున మాత్రం ఆ మాట పెట్టడానికి నా దగ్గర ఆధారం ఉండదు. ఒకసారి అలాగే వెనక్కి వచ్చి, మిగతావాళ్ల కోసం ఎదురుచూస్తూ మిషన్ దగ్గర ఉన్న సెక్యూరిటీ అమ్మాయిని అడిగాను. మా అత్తయ్య వాళ్ల గది నంబరు తీసుకుని స్క్రీన్ చూసి, ఇద్దరూ అరగంట క్రితమే ఎక్కారని చెప్పింది. అన్ని ఓడల్లోనూ చెబుతారనుకోవద్దు, ఎవరి రూలు వాళ్లది. అడగడానికి మాత్రం మొహమాటపడకండి, మీ కార్డు ముందు చూపించి అడగండి.