ఎన్‌బీఏ జీతాల లెక్కలు చూపే చందా సేవ: ఒక సీజన్ వాడిన తరువాత

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలోని జట్లు తమ ఆటగాళ్లకు ఎంత చెల్లించవచ్చో, ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చుకోవచ్చో లెక్కగట్టి చూపే ఒక ఆన్‌లైన్ సేవకు 2025-26 సీజన్‌కు ముందు చందా కట్టాను. జీతాల పట్టికలు ఉచితంగా చాలాచోట్ల దొరుకుతాయి. నేను డబ్బు కట్టింది, ఆ జీతాల కారణంగా ఒక జట్టు రేపు ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తెలుసుకోవడానికి. అందుకే ఈ సేవను ఆ ఒక్క ప్రమాణంతోనే కొలుస్తున్నాను.

మొదటి పేజీలో ప్రతి జట్టు మొత్తం జీతభారాన్ని నాలుగు గీతలతో పోల్చి చూపుతారు. 2025-26కు శాలరీ క్యాప్ (జీతాల పరిమితి) 15.46 కోట్ల డాలర్లు, దాటితే అదనపు పన్ను కట్టవలసిన లగ్జరీ ట్యాక్స్ గీత 18.79 కోట్లు, దాటితే ఆంక్షలు పడే మొదటి ఏప్రన్ 19.59 కోట్లు, ఇంకా కఠినమైన ఆంక్షలుండే రెండవ ఏప్రన్ 20.78 కోట్లు. క్యాప్ అనేది పరిమితి అయినప్పుడు ఇన్ని జట్లు దాన్ని దాటి ఎలా ఉన్నాయని కొత్తవారికి కలిగే సందేహానికి ఇక్కడ చక్కటి సమాధానం ఉంది. ప్రతి ఒప్పందం పక్కనా అది ఏ మినహాయింపు కింద కుదిరిందో రాసి ఉంటుంది. ఫ్రీ ఏజెంట్‌గా (ఒప్పందం ముగిసి ఏ జట్టులోనైనా చేరగల ఆటగాడిగా) జట్టు మారకుండా మూడు సీజన్లు గడిపిన ఆటగాడితో, క్యాప్ దాటిపోయినా సరే, మళ్లీ ఒప్పందం చేసుకోనిచ్చే లారీ బర్డ్ మినహాయింపు వీటిలో తరచుగా కనిపిస్తుంది.

నాకు బాగా నచ్చినది క్యాప్ హోల్డ్ విభాగం. ఒప్పందం ముగిసిన ఆటగాడిపై హక్కు వదులుకోనంత వరకు జట్టు లెక్కలో అతని పేరిట నిలిచి ఉండే మొత్తమే క్యాప్ హోల్డ్. దీన్ని వారు 2024 నాటి ఫిలడెల్ఫియా ఉదాహరణతో వివరించారు. టైరీస్ మాక్సీ కొత్త ఒప్పందంలో మొదటి ఏడాది జీతం 3.51 కోట్ల డాలర్లు కాగా, అతని క్యాప్ హోల్డ్ కేవలం 1.30 కోట్లు. మాక్సీ సంతకం చేయకుండా ఆగినందువల్ల క్యాప్ లోపల మిగిలిన ఖాళీలో జట్టు ముందుగా పాల్ జార్జ్‌ను చేర్చుకుని, ఆ తరువాత మాక్సీతో ఒప్పందం పూర్తిచేసుకుంది. తేదీల వరుసకు ఇంత విలువ ఉంటుందని ఏ జీతాల పట్టికా చెప్పదు. ఇక్కడ మాత్రం రోజు మార్చి చూసుకుంటే ఖాళీ ఎంత తగ్గుతుందో కళ్లెదుటే కనిపిస్తుంది.

రెండవ ఏప్రన్ గురించిన పేజీ కూడా అంతే శ్రద్ధగా రాశారు. ఆ గీత దాటిన జట్టు ఇద్దరు ఆటగాళ్ల జీతాలను కలిపి పెద్ద జీతం ఉన్న ఒక్కరిని తెచ్చుకోలేదు, ట్రేడ్‌లో (ఆటగాళ్ల మార్పిడిలో) నగదు పంపలేదు, ట్యాక్స్ కట్టే జట్లకు దక్కే చిన్న మిడ్-లెవల్ మినహాయింపును (క్యాప్ దాటినా నిర్ణీత మొత్తం వరకు ఆటగాడిని చేర్చుకోనిచ్చేది) కూడా వాడుకోలేదు. పైగా ఏడేళ్ల తరువాతి మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్ (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వంతు) ట్రేడ్ చేయడానికి వీల్లేకుండా స్తంభించిపోతుంది. 2024లో టైటిల్ గెలిచిన బోస్టన్, మరుసటి వేసవిలోనే జ్రూ హాలిడేను పోర్ట్‌లాండ్‌కు, క్రిస్టాప్స్ పోర్జింగిస్‌ను అట్లాంటాకు ఎందుకు పంపిందో ఈ పేజీ చదివితే చాలావరకు బోధపడుతుంది.

చరిత్ర విభాగం మాత్రం పలచగా ఉంది. 1984-85లో 36 లక్షల డాలర్లతో మొదలైన క్యాప్ ఏటా ఎంతకు చేరిందో అంకెలు ఇచ్చి వదిలేశారు. 2016లో అది ఒక్కసారిగా 7 కోట్ల నుంచి 9.41 కోట్లకు ఎగబాకడంతోనే, అంతకుముందు సీజన్‌లో 73 విజయాలు సాధించిన గోల్డెన్ స్టేట్ జట్టుకు కెవిన్ డ్యురాంట్‌ను చేర్చుకునే వీలు కలిగింది. ఆ సంగతి చెప్పకపోతే, క్యాప్ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకూడదన్న నేటి నియమం అవసరం పాఠకుడికి తెలియదు.

ఇక లోపాల విషయం. పూర్తి మిడ్-లెవల్ మినహాయింపును వాడుకున్న జట్టు ఆ సీజన్‌లో మొదటి ఏప్రన్‌ను ఏ కారణం చేతా దాటరాదు. అటువంటి ఒక జట్టు పేరిట నేను ఊహించి నమోదు చేసిన ట్రేడ్ ఆ గీతను దాటుతున్నా, ట్రేడ్ పరీక్ష విభాగం దాన్ని ఆమోదించింది. ఈ సంగతి రాసి పంపితే మూడు రోజుల్లో సవరించారు; మళ్లీ ప్రయత్నించినప్పుడు తిరస్కరించింది. అంత త్వరగా స్పందించినందుకు వారిని మెచ్చుకోవాలి.

రెండవ లోపం ఇంకా అలాగే ఉంది. ఒప్పందాల్లోని బోనస్‌లలో దక్కే అవకాశం తక్కువని తేల్చినవి క్యాప్ లెక్కలోకి రావు కానీ, ఏప్రన్ లెక్కలోకి వస్తాయి. ఈ సేవ రెండింటికీ ఒకే మొత్తాన్ని చూపుతోంది. గీతకు దూరంగా ఉన్న జట్ల విషయంలో ఇది పెద్ద సమస్య కాదు. కానీ గీతకు పది, ఇరవై లక్షల డాలర్ల దూరంలో ఉన్న జట్టు విషయంలో ఫలితమే తారుమారవుతుంది, అభిమాని లెక్క చూసుకోవాలనుకునేది సరిగ్గా అటువంటి జట్టునే. ఆటగాడి సొంత పేజీలో బోనస్ వివరాలు విడిగా ఇచ్చారు గనుక, వాటిని చేతితో కూడి చూసుకున్న తరువాతే ట్రేడ్ పరీక్ష ఫలితాన్ని నమ్మవలసిందిగా కొత్త చందాదారులను కోరుతున్నాను.