అంబాసిడర్ రేడియేటర్‌కి కొత్త కోర్: ఆరేళ్లయ్యాక నా మాట

నాన్నగారి 1972 అంబాసిడర్ మార్క్ 2 కి 2019లో నాలుగు వరసల రాగి కోర్ (రేడియేటర్‌లో నీళ్లు పారే ట్యూబుల భాగం) వేయించా. వేయించిన వారానికే కనిపించిన వాళ్లందరికీ చెప్పా, ఇక ఈ బండి మరగడం అనేదే ఉండదని. ఆ మాట ఇప్పుడు కొంచెం తగ్గించుకుంటున్నా. కోర్ మంచిదే, నా కోపమంతా కింద హోస్ పైపు మీద.

కోర్‌తో పాటే పైపులు కూడా మార్చేద్దామని షాపువాడు ఏది ఇస్తే అది వేయించేశా, ఎంత, రబ్బరు పైపే కదా అని. మూడేళ్లు ఏ గొడవా లేదు. 2022 మేలో విజయవాడ పెళ్లికి బయల్దేరాం, ఎల్బీ నగర్ ట్రాఫిక్‌లో కూడా టెంపరేచర్ ముల్లు 95 దాటలేదు, చౌటుప్పల్ దాటి 70 స్పీడులో పోనిస్తే మాత్రం పైకెక్కడం మొదలెట్టింది. స్పీడు 40కి తగ్గిస్తే ముల్లు దిగుతోంది, మళ్లీ తొక్కితే 105 డిగ్రీలు. ఎక్కడైనా ట్రాఫిక్‌లో వేడెక్కి హైవే గాలికి చల్లబడాలి కదా, ఇదేం తిరకాసో అర్థం కాలేదు. హెడ్ గాస్కెట్ పోయిందనుకున్నా, టైమింగ్ తప్పిందనుకున్నా, మా ఆవిడ బస్సెక్కుదాం అంది. సూర్యాపేట దగ్గర బుస్సుమని ఆవిరి కొట్టి ఆగింది.

రోడ్డు పక్కన లారీలు బాగుచేసే పెద్దాయన వచ్చాడు. చల్లారేదాకా మూత ముట్టుకోనివ్వలేదు. తర్వాత నీళ్లు నింపి, స్టార్ట్ చేసి, బానెట్ దగ్గర నుంచే యాక్సిలరేటర్ రాడ్ లాగి "రేడియేటర్ మంచిగనే ఉంది సారూ, గీ కింద పైపు జూడు" అన్నాడు. రేస్ పెరిగేకొద్దీ ఆ పైపు లోపలికి పీక్కుపోతోంది, అచ్చం అడుగంటిన కొబ్బరిబోండాంలో స్ట్రా అతుక్కున్నట్టు. వాటర్ పంపు నీళ్లు లాగేది కింద పైపు నుంచే, అది వేడికీ నూనెకీ మెత్తబడిపోయింది, లోపల ఉండాల్సిన స్ప్రింగ్ అసలు లేనే లేదు. స్పీడ్ పెరిగితే దారి మూసుకుపోతోందన్నమాట. ఆయన గట్టి తీగని రాడ్డుకి చుట్టి స్ప్రింగులా చేసి లోపల దోపాడు, 70లో విజయవాడ చేరాం, తలంబ్రాలు మాత్రం మిస్సయ్యాయి. ఇంటికొచ్చాక ఆ తీగ తుప్పు పడుతుందని తీసేసి స్టెయిన్‌లెస్ స్టీల్ స్ప్రింగ్ వేయించా.

కోర్ సంగతంటారా, లీకు లేదు, టాంకి అతుకులు గట్టిగానే ఉన్నాయి. కాకపోతే నాలుగు వరసల మందం వల్లేమో, సిగ్నల్ దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే ముల్లు 95కి వస్తోంది. ఐడిల్‌లో బెల్టు ఫ్యాను అంత మందంలోంచి గాలి లాగలేకపోతోంది. మొదట్లో ఎవరో చెప్తే, ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే థర్మోస్టాట్ పీకేశా, చలికాలం ఇంజిన్ వేడెక్కక పెట్రోలు తాగేసింది, మళ్లీ 82 డిగ్రీలది పెట్టించా. బోరు నీళ్లు మాత్రం పొయ్యట్లేదు, పాత కోర్ విప్పినప్పుడు ట్యూబుల్లో కట్టిన సున్నం చూశాక మనసు రాలేదు. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం.

నాది నెలకి రెండు ఆదివారాల బండి, ఏసీ లేదు, ఎండెక్కకముందే ఇంటికి తెచ్చేస్తా. నాకైతే ఈ కోర్ చాలు. రోజూ ఆఫీసుకి తీసేవాళ్లయితే మూడు వరసలే ఉంచుకుని కరెంటు ఫ్యాను పెట్టించుకోవడం మేలేమో, నేను వాడి చూడలేదు. కింద పైపు మాత్రం, కొత్తదైనా సరే, కొనే ముందు చేత్తో నొక్కి చూడండి.