ఎనిమిదేళ్ల ట్యాపింగ్: అనంతపురం కౌన్సెలింగ్ గది నుంచి ఒక సమీక్ష

ముఖం మీదా, ఛాతీ మీదా కొన్ని చోట్ల వేళ్ల కొనలతో మెల్లగా తడుతూ, లోపలి బాధను పైకి చెప్పుకునే ట్యాపింగ్ పద్ధతిని నేను 2017 నుంచి అనంతపురంలోని నా కౌన్సెలింగ్ గదిలో వాడుతున్నాను. నేర్చుకున్న తొలిరోజుల ఉత్సాహం చల్లబడి చాలా కాలమైంది కనుక, దీని మంచిచెడ్డలను ఇప్పుడు తాపీగా చెప్పగలననుకుంటున్నాను. కింద చెప్పిన మనుషులెవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను.

మొదట్లో నన్ను ఇబ్బంది పెట్టింది తట్టడం కాదు, తట్టే ముందు చెప్పించవలసిన వాక్యం. అరచేతి పక్కన, చిటికెన వేలి కిందుగా తడుతూ, "నాకు ఈ బాధ ఉన్నప్పటికీ నన్ను నేను గాఢంగా, సంపూర్ణంగా అంగీకరిస్తున్నాను" అని మూడుసార్లు అనిపించాలని శిక్షణలో చెప్పారు. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒక వేరుశనగ రైతు ఆ వాక్యం విని, "నన్ను నేను అంగీకరించేదేంది మేడమ్, అంగీకరించాల్సింది బ్యాంకోళ్లు కదా" అన్నాడు. నాకు నవ్వొచ్చినా, ఆ మాటలో న్యాయం ఉందనిపించింది. మా ప్రాంతంలో ఏ మనిషీ తనతో తాను ఆ భాషలో మాట్లాడుకోడు. అప్పటినుంచి వాక్యాన్ని నేను రాయడం మానేసి, ఎదుటివారి నోటి నుంచే రాబట్టడం మొదలుపెట్టాను. ఆ రైతు చివరికి కుదుర్చుకున్న మాటలు ఇవి: "మూడో బోరూ ఎండిపాయ, అప్పు మీద పడె, గుండె దడదడమంటాంది, అయినా నేను చేతకానోణ్ణి కాదు." చివరి మాట దగ్గర ఆయన గొంతు పూడుకుపోయింది. ఆ రోజు పని చేసింది తట్టడమో, ఎనిమిది నెలలుగా గొంతులో అడ్డుపడిన ఆ మాట బయటికి రావడమో నేను విడదీసి చెప్పలేను.

బాధను సున్నా నుంచి పది వరకు అంకెల్లో చెప్పమనడం ఈ పద్ధతిలో మరొక మెట్టు. జోసెఫ్ వోల్ప్ అనే మనోవైద్యుడు ఇలాంటి కొలతను ఈ పద్ధతి పుట్టడానికి చాలా ముందే, సున్నా నుంచి వంద వరకు, తన చికిత్సలో వాడాడు. కాలేజీ పిల్లలు ఇట్టే చెప్పేస్తారు కానీ పెద్దవారికి అంకె తోచదు. ఒక ముసలాయన మాత్రం, "రూపాయిలో పావలా తగ్గినట్టుంది" అని తనంతట తానే కొలత పెట్టాడు. ఇప్పుడు అరవై దాటినవారిని నేను అణాల్లోనే అడుగుతున్నాను.

కనుబొమ మొదలు, కంటి పక్క, కంటి కింద, ముక్కు కింద, గడ్డం, కాలర్ బోన్ కింద, చంక కింద, నడినెత్తి: ఇదీ వరస. స్త్రీలు చంక కింద తట్టుకోవడానికి సిగ్గుపడితే ఆ చోటు వదిలేస్తాను, దానివల్ల ఫలితం తగ్గినట్టు నాకెప్పుడూ కనబడలేదు. ఎవరికి వారే తట్టుకుంటారు కనుక నేను వారిని తాకవలసిన అవసరం లేకపోవడం, మా ఊళ్లో ఈ పద్ధతికి ఉన్న పెద్ద సౌలభ్యం. "ఇదేమన్నా మంత్రమా, దిష్టి తీసేదా?" అని మాత్రం దాదాపు ప్రతివారూ అడుగుతారు.

మంత్రం కాదని చెప్పడానికి నేను దీని పుట్టుకను దాచకుండా చెబుతాను. రోజర్ కాలహన్ అనే అమెరికా మనస్తత్వ నిపుణుడు, నీళ్లంటే భయపడే ఒకామెను కంటి కింద తట్టమన్నప్పుడు భయం పోయిందని చెప్పి, దాని నుంచి థాట్ ఫీల్డ్ థెరపీని అల్లాడు. ఒక్కో బాధకు ఒక్కో వరస ఉండే ఆ పద్ధతిని, ఆయన దగ్గర నేర్చుకున్న గ్యారీ క్రెయిగ్ 1990లలో అన్నిటికీ ఒకే వరసగా కుదించి ఎమోషనల్ ఫ్రీడమ్ టెక్నిక్స్ అని పేరు పెట్టాడు. క్రెయిగ్ చదివింది ఇంజనీరింగ్, అనవసరమైన భాగాలు తీసేయడంలో ఆ చదువు కనబడుతుంది. చైనా వైద్యం ఒంట్లో ఉన్నాయని చెప్పే మెరిడియన్లనే దారుల్లో శక్తి ప్రవాహం సరిచేయబడుతుందన్న వివరణను మాత్రం నేను నమ్మను. 2003లో వెయిట్, హోల్డర్ అనే పరిశోధకులు ఏదో ఒకదానికి భయపడే విద్యార్థులలో కొందరిచేత అసలు చోట్ల, కొందరిచేత చేతి మీద వేరే చోట్ల, మరికొందరిచేత ఒక బొమ్మ మీద తట్టించి చూస్తే, ఈ మూడు గుంపులలోనూ భయం తగ్గింది. తట్టించని మరో గుంపులో తగ్గలేదు. తట్టుడు వల్ల ఒత్తిడి హార్మోను కార్టిసాల్ బాగా తగ్గిందని 2012లో వచ్చిన అధ్యయనాన్ని చాలామంది చూపిస్తారు కానీ, దాన్ని నడిపిన డాసన్ చర్చ్ ఈ పద్ధతిని ప్రచారం చేసేవారే. నా అంచనాలో, భయపెట్టే విషయాన్ని తలుచుకుంటూనే శరీరం మీద ధ్యాస నిలపడం, ఊపిరి నెమ్మదించడం, చెప్పలేని మాట చెప్పడం, ఈ మూడూ కలిసి పని చేస్తున్నాయి.

పరీక్షల దడకు ఇది బాగా పనికొచ్చింది. ఇంటర్ పిల్లలు హాల్లో ఎవరికీ కనబడకుండా కాలర్ బోన్ కింద రెండు వేళ్లతో తట్టుకుంటారు. ప్రయాణపు భయం, ఇంజెక్షన్ భయం, గొడవ తర్వాత ఆగని వణుకు, వీటిలోనూ పది నిమిషాల్లో తేడా చూశాను.

పనికిరాని చోట్లు కూడా చూశాను. లైంగిక హింసకు గురైన ఒక యువతి విషయంలో, శిక్షణలో చెప్పినట్టే ఆ సంఘటనను నేరుగా తలుచుకోమన్నాను. ఆమె ఊపిరి అందక, గంటసేపు తేరుకోలేకపోయింది. అలాంటివారితో ఇప్పుడు మొదట కాళ్ల కింద నేలను గమనించమని మొదలుపెట్టి, సంఘటన దగ్గరికి ఎప్పుడో గానీ వెళ్లను. ఇంకొక పొరపాటు దీనికన్నా పెద్దది. తీవ్రమైన డిప్రెషన్‌తో వచ్చిన ఒక కుర్రాడిచేత మూడు వారాలు తట్టించాను, అతను మర్యాదకొద్దీ ప్రతిసారీ "కొంచెం తగ్గింది" అన్నాడు. సైకియాట్రిస్టు దగ్గరికి మొదటి రోజే పంపవలసింది. మందులు మొదలైన తర్వాతే అతనికి నిద్ర పట్టింది. చనిపోవాలన్న ఆలోచన ఉందా అని ఇప్పుడు నేను తట్టించే ముందే అడుగుతాను, వచ్చిన ప్రతివారికీ ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలి మానస్ నంబరు 14416 కాగితం మీద రాసి ఇస్తాను.

నాకు శిక్షణ ఇచ్చిన సంస్థ రెండు రోజుల్లో సర్టిఫికెట్ ఇస్తూ, షుగరు నుంచి అప్పుల వరకు అన్నిటికీ ఇదే మందని చెప్పింది. ఆ మాటలు నమ్మి దూరపు ఊళ్ల నుంచి వచ్చినవారికి అలా కాదని చెప్పడానికే నాకు సగం సమయం పట్టేది. ఇప్పుడు ప్రతి కౌన్సెలింగ్‌లో మొదటి పది నిమిషాలకే దీన్ని పరిమితం చేశాను, విడిగా ట్యాపింగ్ ఫీజు అని తీసుకోవడం 2021లోనే ఆపేశాను.